ఫోటో వెనక నాలుగు మాటలు

(చదువు కేంద్రంలో ఒకరు గట్టిగా చదివి, అందరూ కలిసి మాట్లాడుకోవడానికి ఒక ప్రసంగం)



ఈ రోజు మాట్లాడుకునేది ఫోటోల సంగతి. సినిమా వాళ్ల ఫోటోలు కావు. నాయకుల ఫోటోలు కావు. ఇంటి ముందర వేపచెట్టు ఫోటో. కొట్టంలో ఎనుము ఫోటో. చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ల ఫోటో. వీధి కొళాయి కాడ బిందెల వరస ఫోటో. జాతరలో బిడ్డను ఎత్తుకుని తీయించుకున్న ఫోటో.

“ఇవీ ఒక ఫోటోలేనా? రోజూ చూసేవే కదా!” అని ఎవరైనా అనొచ్చు. నిజమే. రోజూ చూసేవే. కానీ రోజూ చూసేదాన్నే మనం తొందరగా మరిచిపోతాం. అది పోయినాక వెతుక్కుంటాం.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో, చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఫోను ఉంది. ఫోనులో కెమెరా ఉంది. ఫోటో తీయడం చిన్న పిల్లలకు కూడా వచ్చు. మీరేమో అక్షరాలు నేర్చుకున్నారు. పేరు రాస్తారు. ఊరు రాస్తారు. తేదీ రాస్తారు. ఫోటో, అక్షరం – ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? అదే ఈ రోజు పాఠం.

ఫోటోకు నోరు లేదు

పెట్టె అడుగున ఒక పాత ఫోటో ఉంటుంది. అందులో నలుగురు నిలబడి ఉంటారు. ఒకామె చంకలో బిడ్డ. వెనక ఒక చెట్టు. ఎవరు వీళ్లు?

ఇంట్లో అవ్వకు తెలుసు. “ఈమె మా చిన్నమ్మ. ఈ బిడ్డ మీ నాయన. ఈ చెట్టు పాత బావి కాడ ఉండేది” అని చెబుతుంది. అవ్వ ఉన్నంత కాలం ఆ ఫోటో మాట్లాడుతుంది. అవ్వ పోయినాక ఫోటో మూగదవుతుంది. మనవళ్లు తిప్పి తిప్పి చూస్తారు. “ఎవరో!” అని మళ్లీ పెట్టెలో పడేస్తారు.

ఎందుకిట్లా అయింది? ఫోటో వెనక ఎవరూ ఏమీ రాయలేదు. ఆ ఇంటి ఆడవాళ్లకు అప్పుడు అక్షరం రాదు. అక్షరం వచ్చినవాళ్లకు రాయాలని తోచలేదు.

ఫోటో ముఖం చూపిస్తుంది. పేరు చెప్పదు. చెట్టును చూపిస్తుంది. ఏ ఊరి చెట్టో చెప్పదు. ఎండిన చేను చూపిస్తుంది. ఏ ఏడాది ఎండిందో చెప్పదు. అది చెప్పాల్సింది మనం.

అందుకు నాలుగు మాటలు చాలు. ఎవరు? ఏమిటి? ఎక్కడ? ఎప్పుడు?

ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి. చివరి దాకా వీటితోనే పని.

మొదటి ఫోటోలో ఏముంది?

కెమెరాతో తీసి, ఇప్పటికీ నిలిచి ఉన్న ఫోటోల్లో అన్నిటికన్నా పాతది ఫ్రాన్స్ దేశానిది. తీసినాయన పేరు నియెప్స్. 1826, 1827 ప్రాంతంలో తీశాడు. అంటే సుమారు 200 ఏళ్ల కిందట. ఆ ఒక్క ఫోటో పడటానికి గంటల తరబడి ఎండ కావలసి వచ్చింది.

అందులో ఏముంది? రాజు లేడు. దేవుడు లేడు. ఆయన ఇంటి కిటికీ లోంచి కనిపించే మిద్దెలు, ఇళ్ల కప్పులు ఉన్నాయి. అంతే. ఆయన రోజూ చూసేదే తీశాడు. చూశారా! రోజూ చూసేవాటి ఫోటోకు ఎంత పాత చరిత్ర ఉందో!

తర్వాత రీలు కెమెరాలు వచ్చాయి. ఒక రీలుకు 36 ఫోటోలు. రీలు కొనాలి. కడిగించాలి. కాగితం మీద వేయించాలి. అన్నిటికీ డబ్బే. అందుకే పెళ్లికో, జాతరకో, స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోకో మాత్రమే కెమెరా ముందర నిలబడేవాళ్లం. చేలో పనిని, కొట్టంలో గొడ్డును, దిబ్బ మీద పూసిన తంగేడును ఎవరు తీస్తారు?

ఇప్పుడు రీలు ఖర్చు లేదు. ఖర్చు లేదు కాబట్టి లెక్కా లేదు. ఫోనులో వందల ఫోటోలు పడి ఉంటాయి. ఫోను నీళ్లలో పడితే అన్నీ పోతాయి. ఉన్నా, ఏది ఎప్పటిదో తెలియదు. అప్పుడు ఫోటోలు లేక చరిత్ర పోయింది. ఇప్పుడు ఫోటోలు ఎక్కువై, మాటలు లేక పోతోంది.

ఫోటోలో ఎవరు లేరు?

ఆదోని పేరు చెబితే పత్తి గుర్తొస్తుంది. అక్కడి మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు చాలా పేరున్నవి. పేపర్లో యార్డు ఫోటో వస్తుంది. తెల్లటి పత్తి కుప్పలు కనిపిస్తాయి. పిడికిట్లో పత్తి పట్టుకుని చూస్తున్న వ్యాపారి కనిపిస్తాడు. లారీ కనిపిస్తుంది.

ఆ పత్తిని చేలో ఎవరు తీశారు? ఎక్కువగా ఆడవాళ్లే. నడుముకు ఒడి కట్టుకుని, ఎండలో వంగి తీశారు. ఎండిన కాయ మొనలు వేళ్లకు గుచ్చుకుంటాయి. గోళ్ల కాడ తోలు లేస్తుంది. ఆ వేళ్లు ఫోటోలో లేవు.

ఎమ్మిగనూరు సంగతి చూద్దాం. అది మగ్గాల ఊరు. 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. దాన్ని నిలబెట్టిన పెద్ద మాచాని సోమప్ప. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు నిలిచింది. నిలవాల్సిందే.

ఇప్పుడు మగ్గం ఫోటో ఒకటి మనసులో తలచుకోండి. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మనిషి కనిపిస్తాడు. మరి రాట్నం తిప్పి కండెలు చుట్టే ఇల్లాలు? ఆమె పక్కనే ఉంటుంది. కానీ ఫోటో అంచుకు అవతల ఉంటుంది. కండె లేనిదే నాడె ఆడదు. నాడె ఆడనిదే గుడ్డ లేదు. అయినా “నేసేది ఎవరు?” అంటే ఆయన పేరే చెబుతారు. “ఆమె ఏం చేస్తుంది?” అంటే “ఇంట్లోనే ఉంటుంది” అంటారు.

ఈ సంగతి ఒక పత్రికా రచయితకు బాగా తోచింది. ఆయన పేరు పి. సాయినాథ్. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో పల్లె ఆడవాళ్ల పనిని ఆయన ఫోటోలు తీశాడు. ఇటుకలు మోసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, కట్టెలు తెచ్చేవాళ్లు. ఆ ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టాడు. దాని పేరుకు అర్థం: కనిపించే పని, కనిపించని ఆడవాళ్లు. 2014లో ఆయనే ‘పారి’ అనే ఫోటోల, కథల భండారం ఇంటర్నెట్టులో మొదలుపెట్టాడు. అందులో పల్లె జనం బతుకుల గురించి తెలుగులో కూడా చదవచ్చు.

“ఆయన చదువుకున్నాయన. మాకు కెమెరా ఎట్లా వస్తుంది?” అంటారేమో. జహీరాబాదు దగ్గర పస్తాపూరు అనే ఊరుంది. అది ఇప్పుడు తెలంగాణలో ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. ఆ సంస్థ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది బడికి పోనివాళ్లు. కూలి చేసుకునేవాళ్లు. వాళ్లే తమ జొన్న చేలు తీశారు. విత్తనాలు తీశారు. పత్తి వేసి నష్టపోయిన రైతుల కథ తీశారు. 2001లో సొంతంగా ఒక మీడియా సంస్థ పెట్టుకున్నారు. 2008లో సంగం రేడియో మొదలైంది. అదీ వాళ్లు నడిపిందే.

అక్షరం రానివాళ్లే కెమెరా పట్టారు. మీకు అక్షరం కూడా వచ్చు. ఇంక వెనకాడటం ఎందుకు?

చెట్టూ చేమా

ఒక చెట్టును ఫోటో తీయడం చాలా తేలిక అనుకుంటాం. దూరంగా నిలబడి తీస్తాం. పచ్చగా ఏదో కనిపిస్తుంది. అది వేపో, కానుగో తెలియదు.

చెట్టు గుర్తు పట్టాలంటే ఒక్క ఫోటో చాలదు. చెట్టు మొత్తం ఒకటి. ఆకు దగ్గరగా ఒకటి. పువ్వు ఒకటి. కాయ ఒకటి. ఆకు పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీస్తే ఆకు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇది చాలా మంచి ఉపాయం.

తర్వాత పేరు రాయాలి. ఏ పేరు రాయాలి? మీ ఊళ్లో పిలిచే పేరే మొదట రాయండి. పుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది. కర్నూలు జిల్లా పల్లెల్లో బుడ్డలు అంటారు. “బుడ్డలు ఒలిచే కూలి” అంటే ఇక్కడ అందరికీ తెలుసు. ఆ మాట పుస్తకాల్లో లేదని వదిలిపెట్టకండి. బుడ్డలు అని రాసి, పక్కన వేరుశనగ అని రాయండి. రెండూ మన మాటలే.

నల్లరేగడి చేల గట్ల మీద ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్క పెట్టారా? తంగేడు, జిల్లేడు, ఉత్తరేణి, తుమ్మి, పల్లేరు, గరిక. వీటిలో దేనికి ఏ గుణం ఉందో అవ్వలకు తెలుసు. మీ బిడ్డలకు పేర్లు కూడా తెలియవు. మీరు ఫోటో తీసి, పేరు రాసి, అవ్వ చెప్పిన రెండు ముక్కలు రాస్తే, అది ఊరికి ఒక పుస్తకం అవుతుంది.

మొన్న వచ్చిన మొక్కలు కూడా ఉన్నాయి. వయ్యారిభామ చూడండి. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. అది మన దేశపు మొక్క కాదు. 1950ల నడుమ పుణె దగ్గర కనిపించింది. ఇప్పుడు దేశమంతా ఉంది. దాన్ని తాకితే కొందరికి ఒళ్లు దురద పెడుతుంది. సర్కారు తుమ్మ కూడా అంతే. అమెరికా ఖండం నుంచి వచ్చింది. వంట చెరకు ఇస్తుంది. కానీ బీడు, కాలువ గట్టు ఆక్రమిస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి ఫోటో ఒకటి ఉంటే, ఆ గట్టు మీద అప్పుడు ఏ చెట్లు ఉండేవో తెలిసేది. ఆ ఫోటో లేదు. ఈ రోజు తీసిన ఫోటో ఇంకో ముప్పై ఏళ్లకు పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. ఫోనులో ఎవరో పంపిన ఆకు ఫోటో చూసి మందని మింగకూడదు. గన్నేరు, ఉమ్మెత్త విషం. ఒక ఆకులాగే ఇంకో ఆకు ఉంటుంది. ఫోటో కన్నుకు ఆకారం చూపిస్తుంది. విషం చూపించదు.

గొడ్డూ గోదా, జింకా పిట్టా

ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర చాలా పేరున్నది. సంక్రాంతి రోజుల్లో, పుష్య మాసంలో జరుగుతుంది. తేరు లాగుతారు. ఎద్దుల సంత జరుగుతుంది. ఎద్దుల ఫోటోలు అందరూ తీస్తారు.

ఇంట్లో ఉన్న ఆవు, ఎనుము, మేక ఫోటో తీశారా? అది ముచ్చట కోసం మాత్రమే కాదు. పశువు చెవికి పసుపుపచ్చ ట్యాగు వేస్తారు. దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. నంబరు కనిపించేటట్లు ఒక ఫోటో తీయండి. పశువు మొత్తం కనిపించేటట్లు ఇంకోటి తీయండి. నంబరును నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఇన్సూరెన్సు చేసిన పశువు చచ్చిపోతే మొదట అడిగేది ఆ నంబరే. ఏడుస్తూ వెతికే పని ఉండదు.

ఆదోని, ఆలూరు, ఆస్పరి వైపు చేలల్లో కృష్ణ జింకలు తిరుగుతాయి. చూడటానికి అందమైనవి. 2018లో కృష్ణ జింకను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. అప్పుడే వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించారు. మన గడపలో వేప, మన చేలో జింక – రెండూ రాష్ట్రానికి గుర్తులే!

కానీ మొలక వచ్చిన చేను మీద జింకల గుంపు పడితే రైతు కడుపు మండుతుంది. అదీ నిజమే. జింకను కొట్టకూడదు, చంపకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది పెద్ద నేరం. మరేం చేయాలి? మేసిన చేను ఫోటో తీయాలి. జింకల కాలి గుర్తులు తీయాలి. సర్వే నంబరు, ఊరు, తేదీ రాసి అర్జీతో పాటు అధికారులకు ఇవ్వాలి. “జింకలు మేసినాయి సారూ” అంటే ఒక మాట. ఫోటో, తేదీ, అర్జీ ఉంటే అది లెక్క.

ఇంకో పిట్ట కథ వినండి. దాని పేరు బట్టమేకపిట్ట. గడ్డి బీళ్లలో ఉండే చాలా పెద్ద పిట్ట. దాని కోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. అప్పుడు అక్కడ ఈ పిట్టలు బాగా కనిపించేవి. తర్వాత తగ్గిపోతూ వచ్చాయి. ఇప్పుడు దాదాపు కనిపించడమే లేదు. ఇక్కడి పిల్లలు దాన్ని ఫోటోలోనే చూడాలి. ఫోటో కూడా లేకపోతే పేరు ఒక్కటే మిగిలేది.

ఊరు మారుతుంది, ఫోటో పట్టుకుంటుంది

ఆదోనికి పడమటి దిక్కున, కర్ణాటకలో హంపి ఉంది. విజయనగర రాజుల రాజధాని. 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లీషు అధికారి అక్కడి గుళ్లను, వీధులను ఫోటోలు తీశాడు. 1983లో గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫరు ఆ పాత ఫోటోలు తీసుకుని వచ్చాడు. గ్రీన్‌లా ఎక్కడ నిలబడి తీశాడో సరిగ్గా అక్కడే నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెడితే అంతా తెలిసింది. ఏది కూలింది? ఏది నిలిచింది? ఎక్కడ చెట్లు మొలిచాయి?

ఇది గొప్పవాళ్లు మాత్రమే చేసే పని కాదు. మీ ఊళ్లో చేయొచ్చు. ఒక చోటు ఎంచుకోండి. చెరువు గట్టు, బావి, వీధి మొగదల, బడి. ప్రతి ఏడాదీ అదే నెలలో, అదే చోట నిలబడి తీయండి. చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో, మురికి కాలువ ఎప్పుడు పూడిపోయిందో, వేపచెట్టు ఎప్పుడు కొట్టేశారో ఐదేళ్లలో కళ్ల ముందర ఉంటుంది. గ్రామసభలో లేచి మాట్లాడేటప్పుడు ఆ ఫోటోలు చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగింది. మంత్రాలయం మునిగింది. కర్నూలు మునిగింది. ఆ వరదలో ఎన్నో ఇళ్ల పెట్టెలు, కాగితాలు, ఫోటోలు కొట్టుకుపోయాయి. వరద తీసినాక గోడల మీద నీటి గుర్తు మిగులుతుంది. దాన్ని ఫోటో తీసి తేదీ రాస్తే, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో రేపటి వాళ్లకు తెలుస్తుంది. ఇల్లు ఎక్కడ, ఎంత ఎత్తులో కట్టాలో తెలుస్తుంది.

‘ఎక్కడ’ అనే మాటను పూర్తిగా రాయాలి. ఎందుకంటే ఊరు అక్కడే ఉన్నా జిల్లా మారుతుంది. 1953 అక్టోబరు 1కి ముందు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను రెండు చేశారు. రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి పోయింది. ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. కాబట్టి ఊరి పేరు, మండలం, జిల్లా మూడూ రాయండి. వెనక కోట గోడో, రణమండల కొండో కనిపించేటట్లు తీస్తే, ఇది ఆదోనే అని ఫోటోనే చెబుతుంది.

ఫోటో అంటే కూలి కూడా

ఫోటో ముచ్చటకే కాదు, కూలికి కూడా ముడిపడింది. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి దేశమంతటా ఒక నిబంధన వచ్చింది. పని చోట కూలీల ఫోటో రోజుకు రెండుసార్లు ఫోను యాప్‌లో పెట్టాలన్నారు. అదే హాజరు అన్నారు. సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి చిక్కులో పడేది.

మోసాలు కూడా జరిగాయి. పనికి సంబంధం లేని ఫోటోలు పెట్టారు. పాత ఫోటోకు మళ్లీ ఫోటో తీసి పెట్టారు. ఈ సంగతి 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే చెప్పింది.

దీని నుంచి ఏం తెలుసుకోవాలి? మన ఫోటో ఎవరు తీశారు, ఎందుకు తీశారు, అది ఎక్కడికి పోయింది అని అడిగే హక్కు మనకుంది. రోజూ ఏ పనికి పోయారో, ఎంతమంది పోయారో నోటుబుక్కులో రాసుకోండి. వాళ్ల దగ్గర ఫోటో ఉంటే, మన దగ్గర అక్షరం ఉండాలి. రెండూ సరిపోలకపోతే అడగొచ్చు.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోతాయి. ఇంటికి తాళం. అవ్వ కాడ చిన్న బిడ్డ. పోయే ముందర కొన్ని ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇల్లు, మేకలు, కూలి మాట్లాడుకున్న మేస్త్రీ, ఎక్కిన బండి నంబరు. ముందుగా ఇచ్చిన డబ్బు ఎంతో రాసుకోండి. పరాయి ఊళ్లో తగాదా వస్తే ఇవే తోడు.

జాగ్రత్తలు

ఫోటో కత్తి లాంటిది. కూర తరగొచ్చు. చేయి కూడా తెగొచ్చు.

ఎవరినైనా తీసే ముందర అడగండి. “అక్కా, ఒక ఫోటో తీయనా?” అంటే చాలు. వద్దంటే మానుకోండి. నీళ్లు పోసుకునే చోట, చెరువు కాడ, దుఃఖంలో ఉన్న ఇంట్లో తీయకూడదు.

ఆడపిల్లల ఫోటోలు ముక్కూ ముఖం తెలియని వాళ్లకు పంపకండి. ఆడవాళ్లను రహస్యంగా తీయడం, ఆ ఫోటోలు అందరికీ పంచడం నేరం. ఎవరైనా ఫోటో చూపించి బెదిరిస్తే భయపడి దాచుకోవద్దు. తప్పు బెదిరించినవాడిది. ఆడపిల్లది కాదు. ఫోను మోసాలకు 1930 నంబరు ఉంది. ఆడవాళ్ల సహాయానికి 181 ఉంది. ఆ రెండు నంబర్లూ గోడ మీద రాసి పెట్టుకోండి.

ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఫోటోలు తెలియనివాళ్లు అడిగితే పంపకూడదు. బ్యాంకు వాళ్లమని ఫోను చేసినా పంపకూడదు.

రాసేది ఎట్లా?

కాగితం ఫోటో అయితే వెనక పెన్సిలుతో మెల్లగా రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందు వైపు గీతలు తేలుతాయి. సిరా అయితే తడికి పాకుతుంది. ఫోటోలను కవరులో పెట్టి, పొగ తగలని చోట, చెద పట్టని చోట ఉంచండి.

ఫోను ఫోటో అయితే ఒక నోటుబుక్కు పెట్టండి. ఒకటి, రెండు, మూడు అని వరసగా నంబర్లు వేయండి. ముఖ్యమైన ఫోటోలను ఏడాదికోసారైనా కాగితం మీద వేయించండి. ఇంట్లోవాళ్ల ఫోనుకు కూడా ఒకటి పంపి ఉంచండి.

ఉదాహరణకు ఇట్లా రాయొచ్చు:

ఎవరు: మా వీధి ఆడవాళ్లు ఆరుగురు. (ఎడమ నుంచి కుడికి ఆరు పేర్లూ రాయాలి.)
ఏమిటి: బుడ్డలు ఒలుస్తున్నారు.
ఎక్కడ: ఊరు, మండలం, జిల్లా.
ఎప్పుడు: తేదీ, నెల, సంవత్సరం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ‘ఎవరు’ అన్న చోట “ఫలానాయన పెండ్లాము”, “ఫలానావాని తల్లి” అని రాసి ఊరుకోవద్దు. ఆమెకు పేరుంది. ఆ పేరే రాయండి. ఊళ్లో చాలామంది అవ్వల అసలు పేరు ఎవరికీ తెలియదు. అడగండి. అడిగి రాయండి. అడిగినప్పుడు అవ్వ ముఖం చూడండి.

అక్కలారా! కోట కట్టినవాళ్ల పేర్లు రాతి మీద ఉంటాయి. రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అప్పుడు రాసేవాళ్లు లేరు. ఇప్పుడు పత్తి తీసేవాళ్లూ మీరే. కండెలు చుట్టేవాళ్లూ మీరే. రాసేవాళ్లూ మీరే. పని చేసిన చేతితోనే పేరు రాయండి.

ఆలోచించండి, మాట్లాడండి

1. మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోటో ఏది? అందులో ఎవరి పేరు మీకు తెలియదు? ఎవరిని అడిగితే తెలుస్తుంది?
2. మీరు రోజూ చేసే ఏ పనికి ఇంతవరకు ఫోటో లేదు?
3. మీ ఊళ్లో ఉండి, ఇప్పుడు కనిపించకుండా పోయిన చెట్టు, పిట్ట, బావి ఏవి?
4. మీ ఫోటో మిమ్మల్ని అడగకుండా ఎవరైనా తీశారా? అప్పుడు మీకు ఏమనిపించింది?

చేసి చూడండి

ఈ వారం కేంద్రానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక ఫోటో తెండి. ఇంటి ఫోటో కావచ్చు. చెట్టు ఫోటో కావచ్చు. వెనక నాలుగు మాటలు రాయండి. తప్పు పోతే కొట్టివేసి మళ్లీ రాయండి. అన్నీ ఒక అట్ట మీద అంటించి గోడకు తగిలించండి. ఊళ్లో వాళ్లను పిలిచి చూపించండి. చదివి వినిపించేది మాత్రం మీరే.